ఊడ్చిన యిల్లు

(కుటుంబ ఆరాధనలలోను, స్త్రీల మైత్రి కూటములలోను చదివి మాటలాడుకొనుటకు ఈ నెల పాఠము)

చదువవలసిన భాగములు: లూకా 11:24–26, నిర్గమకాండము 12:1–27, 32:1–6, లేవీయకాండము 14:1–3, యిర్మీయా 35వ అధ్యాయము, రోమీయులకు 13:1–7, 14:13–21.



2020వ సంవత్సరపు కరోనా దినములు గడిచి యిప్పటికి కొన్ని యేండ్లైనవి. ఐనను ఆ దినములలో పుట్టిన ఒక వాదము మన సంఘములలో ఇంకను చల్లారలేదు. మదనపల్లెలో పెండ్లి విందునకు కూర్చున్నను, పుంగనూరు సంతకు పోవు బస్సులో ఎక్కినను, కుప్పము స్టేషనులో రైలుకొరకు కాచుకొనియున్నను, విశ్వాసులు నలుగురు కలిసినచోట ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుదురు. “బ్రాందీ అంగడి తెరిచిరి, దేవుని గుడి మూసియుంచిరి. ఇదేమి న్యాయమండీ?” అని ఒకరందురు. “అధికారులకు లోబడుమని పౌలు వ్రాయలేదా?” అని మరియొకరందురు. మాటమీద మాట పెరుగును. మేమెరిగిన ఒక పల్లె సంఘములో ఇద్దరు పెద్దలు ఈ సంగతిమీదనే తగవుపడి, చాల కాలము ఒకరు సంస్కారమునకు వచ్చిన ఆదివారమున మరియొకరు రాకుండిరి.

ఒక అంగడి తలుపును గూర్చిన వాదము ప్రభువు బల్లయొద్ద ఇద్దరు సహోదరులను విడదీసినదనగా అది చిన్న సంగతి కాదు. గనుక ఈ నెల పాఠముగా ఆ దినములను మరల జ్ఞాపకమునకు తెచ్చుకొని, వాక్యపు వెలుగులో శాంతముగా విచారింతము.

1. జరిగిన సంగతులు

మొదట జరిగినవాటిని వరుసగా చెప్పుకొనుట మేలు. ఏలయనగా వాదములలో సగము తేదీలు మరచుటవలననే పుట్టుచున్నవి.

2020 మార్చి 22వ తేదీ ఆదివారమున జనతా కర్ఫ్యూ జరిగెను. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ విధింపబడెను. మొదట 21 దినములనిరి, పిమ్మట మరి 19 దినములు పొడిగించిరి. రెండును కూడిన 40 దినములు. ఆ నలువది దినములు మద్యపు అంగళ్లు మూయబడియుండెను. మన ఆలయములును మూయబడియుండెను. మట్టల ఆదివారము, మంచి శుక్రవారము, ఏప్రిల్ 12వ తేదీని వచ్చిన ఈస్టరు పండుగ మన యిండ్లలోనే గడచినవి.

ఇంటికొకరు ఉదయము కొన్ని గంటలు మాత్రమే వెళ్లి సరుకులు తెచ్చుకొనవలెను. వాలంటీర్లు ఇంటింటికి వచ్చి జ్వరము, దగ్గు ఎవరికైన ఉన్నవాయని అడిగి వ్రాసికొనిపోయిరి. తెల్లకార్డు కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వము 1,000 రూపాయలు ఇచ్చెను. మనిషికి 5 కిలోల చొప్పున ఉచిత బియ్యము వచ్చెను. స్త్రీల జన్‌ధన్ ఖాతాలలో నెలకు 500 చొప్పున మూడు నెలలు కేంద్ర ప్రభుత్వము వేసెను. అంత్యక్రియలకు 20 మందికి మించరాదు, పెండ్లికి 50 మందికి మించరాదు అనిరి. ప్రక్క ఊరిలో ఇచ్చిన కూతురిని చూచి రావచ్చునా, ప్రక్క యింటివారితో కలిసి ప్రార్థన చేసికొనవచ్చునా, టమాటా కోసినచో మదనపల్లె మార్కెట్టుకు పోవు బండి దొరకునా అని మనవారు అడిగిరి. నేడు చెప్పినది రేపు మారుచుండుటచే జవాబు చెప్పువారును తడబడిరి.

మే 4వ తేదీ సోమవారమున, కంటైన్మెంటు ప్రాంతములు తప్ప మిగిలినచోట్ల, మద్యపు అంగళ్లు తెరువబడెను. అప్పట్లో మన రాష్ట్రములో ఆ అంగళ్లను 2019 అక్టోబరు నుండి ప్రభుత్వమే నడుపుచుండెను. తెరచిన దినముననే ధర 25 శాతము పెంచిరి. మరునాడు మరి 50 శాతము పెంచిరి. రెండును కూడి 75 శాతమాయెను. త్రాగుడు మాన్పించుటకే పెంచితిమని ప్రభుత్వము చెప్పెను. ఐనను అంగళ్లయెదుట జనము బారులు తీరి, మనిషికి మనిషికి ఆరడుగుల దూరమను మాట ఎగిరిపోయెను.

కుప్పము మూడు రాష్ట్రములు కలియుచోటు గదా. అక్కడివారి తికమక మరి యెక్కువ. కర్ణాటకలో మే 4ననే తెరిచిరి. తమిళనాడులో ఇంకను మూసియుండెను. తమ జనులు పొరుగు రాష్ట్రములకు పోవుచుండగా ఆపలేకున్నామని చెప్పి ఆ ప్రభుత్వము మే 7న తెరిచెను. మరునాడే మద్రాసు హైకోర్టు మూయుమనెను. మే 15న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసెను. మరునాడు మరల తెరిచిరి. ఒకే గట్టుకు అటు ఒక న్యాయము, ఇటు ఒక న్యాయము!

ఆలయములు తెరచుటకు అనుమతి జూన్ 8న గాని రాలేదు. మార్చి 22 మొదలు జూన్ 7 వరకు లెక్కింపగా 12 ఆదివారములు. వాటిలో చివరి అయిదు ఆదివారములు బ్రాందీ అంగడి తెరిచియుండి ఆలయము మూసియుండిన కాలమునకు చెందినవి. మే 31వ తేదీని వచ్చిన పెంతెకొస్తు పండుగ వాటిలో ఒకటి. మన సహోదరుల మనస్సు నొచ్చినది ఇందువలననే. ఆ నొప్పి అబద్ధము కాదు.

2. ఆలయము మూయుట హింసయా?

మొదటి ప్రశ్న ఇది. ఆలయమును మూయించినవారు మన విశ్వాసమును హింసించిరా?

అపొస్తలులు దేవునికే లోబడవలెనని యధికారులయెదుట చెప్పిరి (అపొ. కార్యములు 5:29). అయితే వారికి నిషేధింపబడినదేమి? యేసు నామమున బోధించుట. 2020లో మనకు అది నిషేధింపబడలేదు. ఒక్క గదిలో దగ్గరగా కూర్చుండి, గొంతెత్తి పాడి, ఒక్క గిన్నెలోనిది పుచ్చుకొనుట కొంతకాలము ఆపబడెను. అదియు మనకు మాత్రమే కాదు. తిరుమలలో మార్చి 20 నుండియే దర్శనము నిలిపివేసిరి. మహమ్మదీయులు రంజాను మాసమంతయు తమ యిండ్లలోనే నమాజు చేసికొనిరి. అందరికిని సమానముగా వచ్చిన కట్టడిని మనమీదనే వచ్చిన హింసయని చెప్పుట సత్యము కాదు.

ఇంతేగాక, తెగులు వచ్చినప్పుడు వేరుగా నుండుట మన ప్రాంతపు క్రైస్తవులకు క్రొత్త పాఠము కాదు. మదనపల్లె ప్రక్కన ఆరోగ్యవరములో అనేక మిషనులు కూడి స్థాపించిన క్షయరోగ శానిటోరియము 1915 నుండి నడిచినది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలర్‌గారు దానిని నెలకొల్పిరి. క్షయకు మందు కనుగొనబడని ఆ కాలమున గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి ఆహారము, ఇంటివారికి దూరముగా నుండుట ఇవియే వైద్యము. భర్తను విడిచి భార్య, బిడ్డను విడిచి తల్లి నెలల తరబడి అక్కడనుండిరి. వారు ఇంటివారిని ప్రేమింపక వేరుగా నుండలేదు, ప్రేమించియే వేరుగా నుండిరి.

మోషే ధర్మశాస్త్రములోను ఇట్టి కట్టడి గలదు. పొడ కనబడినవానిని యాజకుడు ఏడు దినములు ప్రత్యేకముగా నుంచవలెను. అయితే దానితోపాటు మరియొక మాట గలదు, దానిని మనము తరచుగా చదువక దాటిపోవుదుము. పాళెము వెలుపలనున్న రోగిని చూచుటకు యాజకుడే వెలుపలికి పోవలెను (లేవీయ. 14:3). వేరుగా నుంచుడని ఆజ్ఞాపించిన దేవుడు విడిచిపెట్టుడని ఆజ్ఞాపింపలేదు. రోగి గుడారమునకు, పాళెమునకు నడుమ ఒకడు నడచుచుండవలెను.

ఇక అంగడి ముందుగా తెరచుట సంగతి. మనుష్యులు త్రాగు మద్యము జీఎస్టీలో చేరలేదు. దానిమీద పన్ను రాష్ట్రములే వేసికొనును. నలువది దినములు అన్ని పన్నులును ఎండిపోయినప్పుడు అనేక రాష్ట్రములు ఆ నూతివైపే చూచినవి. ఇది జరిగిన సంగతి. దీనిని న్యాయమని మేము చెప్పము. ప్రజల ఆరోగ్యముకొరకు ఇండ్లు మూయించి, అదే ఆరోగ్యమును చెరుపు అంగడి తెరచుట పొసగని పని. దానిని మర్యాదతో అధికారులకు చెప్పుట పౌరుని హక్కు. లోబడుట వేరు, నోరు మూసికొనుట వేరు. పౌలును లోబడెను, అవసరమైనప్పుడు కైసరుకు చెప్పుకొనెను.

3. ధర పెంచిన, నిషేధించిన త్రాగుడు పోవునా?

రెండవ ప్రశ్నలో మనవారు రెండు పక్షములుగా నున్నారు. కొందరు, “ధర పెంచుట మంచిదే, పేదవాడు కొనలేక మానును” అనిరి. మరికొందరు, “పూర్తిగా నిషేధింపవలసినది, నలువది దినములు జరిగినది ఎల్లకాలము జరుగకూడదా?” అనిరి.

ధర పెరుగగా కొందరు తగ్గించిన మాట నిజము. ఐనను దాహము తీరనివాడు ఊరకుండలేదు. సరిహద్దు దాటి సీసాలు వచ్చెను. ఒక్కొక్కరు మూడు సీసాలు తెచ్చుకొనవచ్చునని 2020 సెప్టెంబరులో హైకోర్టు చెప్పగా, అక్టోబరు నెలాఖరులో ప్రభుత్వము ఆ వెసులుబాటు తీసివేసెను. అప్పుడును తికమకయే. కొన్ని తండాలలోను, కొండల ప్రక్కలను నాటుసారా బట్టీలు మరల పొగరాజేసినవి. అన్నిటికంటె ఘోరమైనది ప్రకాశము జిల్లా కురిచేడులో జరిగినది. అక్కడ కట్టడివలన మద్యపు అంగడి మూసియుండగా, 2020 జూలై నెలాఖరున చేతులకు పూసికొను శానిటైజరును త్రాగి పదిమందికి పైగా చనిపోయిరి. చేతిని కాపాడుటకు చేసినది కడుపులో విషమాయెను.

ఇట్టిది మనదేశమునందే కాదు. ఇరాను దేశములో సారాయి త్రాగినచో ఈ రోగము రాదను వదంతిని నమ్మి, మిథనాలు కలిసిన సారాయి త్రాగి వందలమంది చనిపోయిరి. మన పల్లెలలోను, “బ్రాందీ గొంతులో పురుగును చంపును” అని చెప్పినవారు లేకపోలేదు. అది శుద్ధ అబద్ధము. చేతిమీద పురుగును చంపు శానిటైజరులో నూటికి 60 పాళ్లకు మించి ఆల్కహాలుండవలెను. బ్రాందీలో అంత యుండదు. ఉన్నను, శరీరములో చేరిన పురుగును అది తాకలేదు, శరీరపు బలమునే తగ్గించును. తిమోతితో పౌలు చెప్పిన కొంచెము ద్రాక్షారసపు మాటను (1 తిమోతి 5:23) ఇందుకు సాక్ష్యముగా తెచ్చువారు, అది కడుపు జబ్బుగల ఒక సేవకునికి చెప్పిన వైద్యమని యెరుగవలెను.

దక్షిణాఫ్రికా దేశము 2020 మార్చి 27 నుండి మద్యము అమ్మకమును పూర్తిగా నిషేధించెను. జూన్ 1న తెరచి, జూలై 12న మరల మూసెను. అమ్మకము ఆగినప్పుడు కొట్లాటలలోను, ప్రమాదములలోను గాయపడి ఆసుపత్రులకు వచ్చువారు తగ్గిరి. రోగులకు మంచములు మిగిలెను. గనుక చట్టమువలన మేలు లేదని యెవరును చెప్పరాదు.

మన జిల్లాకును ఈ చరిత్ర క్రొత్త కాదు. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1న సేలములో మద్యనిషేధము ప్రారంభించి, 1938లో దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. నేటి మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును అప్పుడు చిత్తూరు జిల్లాలోనివే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాయి అంగడిని మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట ప్రాకెను. 1993లో సారాయి నిషేధమును, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. 1997లో అది సడలింపబడెను. 2019లో అంగళ్లు ప్రభుత్వము చేతికి వచ్చెను. 2024 అక్టోబరులో మరల ప్రైవేటువారి చేతికి పోయెను. చేతులు మారినవి గాని సీసాలోనిది మారలేదు.

చట్టము కంచెవంటిది. కంచె లేనిచో పశువులు పైరు మేయును, గనుక కంచె కావలెను. అయితే కంచె వేసి విత్తనము చల్లని చేనిలో ఏమి పండును? రేకాబీయులను చూడుడి (యిర్మీయా 35). ప్రవక్త వారియెదుట ద్రాక్షారసపు గిన్నెలు పెట్టి త్రాగుడనినను వారు త్రాగలేదు. ఏ రాజును వారికి నిషేధపు చట్టము చేయలేదు. తమ పితరుడు చెప్పిన మాటను తండ్రి కొడుకుకు, కొడుకు మనుమనికి ఇంటిలో నేర్పుచు వచ్చిరి. అంగడి తెరచియున్నను వారి నోరు తెరువబడలేదు.

4. ఊడ్చిన యిల్లు, ఖాళీ యిల్లు

ఇప్పుడు పాఠపు నడిబొడ్డునకు వచ్చితిమి.

పుంగనూరు వైపు ఒక పల్లెలో మేము సందర్శనమునకు పోయినప్పుడు ఒక సహోదరి మాతో ఒక సంగతి చెప్పెను. ఆమె భర్త బేల్దారి పనివాడు, వచ్చిన కూలిలో సగము అంగడికే. 2020 మార్చిలో అంగళ్లు మూయగా, మొదటి వారము అతని చేతులు వణికెను, రాత్రులు నిద్రలేదు, ఇంటిలో అందరిమీద కేకలు. తరువాత మెల్లగా నిమ్మళించెను. మేకల కొట్టము పైకప్పు సరిచేసెను. కుమారునికి తాపీ పట్టుట నేర్పెను. సాయంకాలము ఇంటివారు ప్రార్థన చేసికొనునప్పుడు లోపలికి రాడు గాని, వాకిట కూర్చుండి వినుచుండెను. ఒక రాత్రి తానే బిడ్డను పిలిచి, “ఈ పొద్దు చదవలేదే?” అని అడిగెను. ఇంటిలో కేక లేదు, దెబ్బ లేదు.

మే 4న అంగడి తెరిచిరి. ఆ సాయంకాలమునకు అతడు వాకిట లేడు. మరి కొన్ని దినములకు ఆమె ఖాతాలో పడిన 500 రూపాయలును పోయెను.

ఆమె ఏడ్వలేదు. నెమ్మదిగా ఈ మాట చెప్పెను: “అయ్యగారూ, నలబై దినాలు నా ఇల్లు ఇల్లుగా ఉండింది. ఆ నలబై దినాల్లో మన సంఘం వాళ్లు ఒక్కరన్నా ఆయనకి ఫోను చేసి ‘ఎట్లుండావన్నా?’ అని అడిగుంటే, ఆ పొద్దు ఆయన కాళ్లు ఎటు పోయుండునో.”

మాకు జవాబు లేకపోయెను. మేమును ఆయనకు ఫోను చేయలేదు. ఆ దినములలో మా ఫోనులకు తీరికలేదు. వాటిమీద మేము గుడి తలుపులను గూర్చి, అంగడి తలుపులను గూర్చి వాదించుచుంటిమి.

ప్రభువు చెప్పిన ఉపమానము అప్పుడు మాకు క్రొత్తగా అర్థమాయెను (లూకా 11:24–26). ఒకనిలోనుండి అపవిత్రాత్మ బయటికి పోయినది. ఇల్లు ఊడ్వబడినది, చక్కగా నున్నది, గాని లోపల కాపురమున్నవారు లేరు. వెళ్లినది మరల వచ్చి చూచెను. తనకంటె చెడ్డవాటిని ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చి చేరెను. కడపటి స్థితి మొదటిదానికంటె చెడ్డదాయెను. తప్పు ఊడ్చుటలో లేదు, ఊడ్చిన యింటిని ఖాళీగా విడిచిపెట్టుటలో నున్నది.

ఆ నలువది దినములు ప్రభుత్వము మన త్రాగుబోతు సహోదరుల యిండ్లను ఊడ్చిపెట్టెను. ఏ బోధకుడును, ఏ సువార్త కూటమును చేయలేని రీతిగా ఒక్కమారు లక్షలమందిని మద్యమునకు దూరముచేసెను. కాని ప్రభుత్వము ఇంటిని ఊడ్వగలదు, అందులో కాపురముండలేదు. నింపవలసినవారము మనము.

సీనాయి కొండ క్రింద జరిగినదియు ఇదియే (నిర్గమ. 32). మోషే నలువది దినములు కొండమీద నుండెను. క్రింద జనము కాచుకొనియుండిరి. కాచుకొనుట నేర్పువారు లేక, దూడను చేసికొని, తిని త్రాగి ఆడిరి. ఆ దూడకు బంగారము ఎక్కడిది? భార్యల చెవులనుండి, బిడ్డల చెవులనుండి తీసినది. మన పల్లెలలో బ్రాందీ అంగడికి పోవు బంగారమును ఆ చెవులదే గదా! జనము చేసినది తప్పే. అయితే వారిమధ్యనే యుండి, వారిని ఓదార్చక, వారడిగినది చేసియిచ్చిన అహరోను సంగతి యేమి? సంఘపెద్దలమైన మనము ఆ ప్రశ్న తప్పించుకొనలేము.

దీనికి ఎదురుగా ఐగుప్తులోని ఆ రాత్రిని చూడుడి (నిర్గమ. 12). అదియు తలుపు మూసికొనిన రాత్రియే. తెల్లవారువరకు ఎవరును గడప దాటరాదని కట్టడి. ఐనను ఆ యిండ్లు ఖాళీగా లేవు. లోపల బల్లమీద భోజనమున్నది. ఇది యేమియని అడుగు బిడ్డలున్నారు, చెప్పు తండ్రి యున్నాడు. చిన్న కుటుంబము ఒక గొఱ్ఱెపిల్లకు చాలనిచో ప్రక్క యింటివారిని కలుపుకొనవలెనని దేవుడు ముందుగనే చెప్పియుండెను. అది నిండిన యిల్లు. మొదటి క్రైస్తవులకును ఆలయ భవనము లేదు. ప్రిస్కిల్ల అకులల యింటిలోను, ఫిలేమోను యింటిలోను సంఘము కూడినది. గుడి మూసియున్న 12 ఆదివారములలో మన యిండ్లు గుళ్లైనవా? ఇది అధికారులను అడుగవలసిన ప్రశ్న కాదు.

5. మనము చేయదగిన పనులు

తెగులు మరల వచ్చునో రాదో దేవునికి తెలియును. అయితే ఊడ్చిన యిల్లు ఇప్పుడును మన వీధిలో నున్నది. జబ్బుపడి డాక్టరు భయపెట్టగా మానినవాడు, కూతురి పెండ్లికొరకు మానినవాడు, లెంటు దినములలో నలువది దినములు మానినవాడు, వీరందరివి ఊడ్చిన యిండ్లే. వారి విషయమై ఈ పనులు చేయుదము.

మొదటిది, వైద్యము. చాలకాలము ప్రతిదినము త్రాగినవాడు హఠాత్తుగా మానినచో రెండు మూడు దినములలో వణుకు, చెమట, ఫిట్సు, లేనివి కనబడుట, మతి తప్పుట రావచ్చును. ఇది దయ్యము కాదు, నటన కాదు, ప్రాణాపాయమైన జబ్బు. 2020 మార్చి నెలాఖరున కేరళ ప్రభుత్వము ఇట్టివారికి వైద్యుని చీటితో మద్యమే ఇమ్మని ఆజ్ఞ చేయగా వైద్యులే అభ్యంతరము చెప్పిరి. ఏప్రిల్ 2న అక్కడి హైకోర్టు దానిని నిలిపివేసెను. దీనికి మద్యము మందు కాదు, ఆసుపత్రిలో వేరే మందులున్నవి. ప్రార్థన చేయుడి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండి. మనస్సు కలతచెందినవారు మాటలాడుటకు టెలి మానస్ అను ప్రభుత్వపు ఉచిత ఫోను 14416 గలదు.

రెండవది, తోడు. 1935లో అమెరికా దేశపు ఆక్రన్ పట్టణములో త్రాగుడు మానదలచిన ఇద్దరు ఒకరికొకరు తోడుండుటవలన నిలిచిరి. ఆ ఇద్దరినుండియే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము లోకమంతట వ్యాపించెను. మానినవాని యొద్దకు మానియున్న మరియొకనిని పంపుడి. సాయంకాలము ఆరు గంటలకు, అంగడి వాని కాళ్లను పిలుచు వేళకు, పోయి వాని వాకిట కూర్చుండుడి.

మూడవది, ఇంటివారి కాపుదల. భార్యను కొట్టుట పాపమును నేరమును. “ఓర్చుకో అమ్మా” అని చెప్పి పంపివేయకుడి. ఆమె సొమ్ము ఆమె చేతిలో నుండునట్లు స్త్రీల మైత్రివారు సహాయము చేయవలెను.

నాలుగవది, మన మాదిరి. సహోదరునికి అడ్డమగునది విడిచిపెట్టుట మేలని పౌలు బోధించెను (రోమా. 14:21). పెండ్లి విందులలో చాటుగా సీసాలు తెప్పించు పెద్దలు అంగడిని గూర్చి ప్రభుత్వమును నిందింపనేల? సంస్కారములో ద్రాక్షపండ్ల రసము వాడుట మానినవాని బలహీనతను ఎంచి చేయు ప్రేమకార్యము.

ఐదవది, పౌరధర్మము. గుడికి, బడికి దగ్గరగా అంగడి పెట్టినచో గ్రామసభలో లేచి చెప్పుడి. వ్రాతమూలకముగా అర్జీ ఇయ్యుడి. దూబగుంట స్త్రీలు పలక బలపము పట్టి ప్రారంభించిరి గదా!

మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. ఆ 12 ఆదివారములు మన యింటిలో ఎట్లు గడచినవి? అప్పుడు ప్రారంభించిన కుటుంబ ప్రార్థన ఇప్పుడు నిలిచియున్నదా?
2. పాళెము వెలుపలికి పోయిన యాజకుని పని మన సంఘములో నేడు ఎవరు చేయుచున్నారు?
3. మన వీధిలో ఊడ్చిన యిల్లు ఏది? ఈ వారములో అక్కడికి ఎవరు పోవుదురు?
4. అంగడిని గూర్చిన వాదమువలన మనము మాటలాడుట మానిన సహోదరుడు ఎవరైన ఉన్నాడా?

ఆ ఇద్దరు పెద్దల సంగతి చెప్పి ముగింతుము. పోయిన యేడు ఆ పల్లెలో ఒక యౌవనస్థుడు త్రాగి పడి కాలు విరుగగొట్టుకొనెను. మదనపల్లె ఆసుపత్రికి తీసికొనిపోవుటకు ఆ రాత్రి దొరికినది ఒక్కటే ఆటో. అందులో ఇద్దరు పెద్దలును, వారినడుమ ఆ పిల్లవాడును. దారి పొడుగున అంగడిమాట ఎవరును ఎత్తలేదట. మరుసటి సంస్కారమునకు ఇద్దరును ఒకే బల్లయొద్ద మోకరించిరి. ఆ పిల్లవాడు ఇప్పుడు మానియున్నాడు. ప్రతి సాయంకాలము ఇద్దరిలో ఒకరు అతని వాకిట కూర్చుండుచున్నారని విని దేవుని స్తుతించితిమి.

ప్రార్థన: ప్రభువా, మా యిండ్లను ఊడ్చుటతో ఆపక వాటిలో నీవే కాపురముండుము. మేము వాదించిన కాలమునకు మమ్మును క్షమించి, నడువవలసిన వాకిటికి మమ్మును నడిపించుము. ఆమేన్.